అమ్మ దవడ

ప్రియమైన అక్కకి,

కొత్త ఏడాదికి ఏమనుకుంటున్నావని అడిగావు. నా పద్ధతి నీకు తెలిసిందే. అందరూ డైరీ తిరగేస్తే నేను పళ్ళు తిరగేస్తాను. కట్టుడు పళ్ళు చేసే ల్యాబ్‌లో పని చేస్తున్నందుకు ఆ మాత్రం సరదా ఉండొద్దూ. ఎప్పట్లాగే డిసెంబరు ఆఖరి శనివారం నా పళ్ళకి ప్లాస్టర్ అచ్చు తీసి, నిరుటి అచ్చు పక్కన పెట్టాను. దవడ పళ్ళు నున్నగా అరిగిపోయాయి. మా ల్యాబ్ పెద్దాయన చూసి, "ఏమ్మా, ఏడాదంతా రాళ్ళు నమిలావా?" అన్నాడు.

రాళ్ళు కాదక్కా. నీకు చెప్పలేదు. ఫిబ్రవరిలో నాకు నాలుగో నెల కడుపు పోయింది. ఆసుపత్రి మెట్లు దిగుతూ నీ మరిది, "ఈ మాట మళ్ళీ ఎత్తొద్దు" అన్నారు. ఎత్తలేదు. కూరలో ఉప్పు గురించీ, కరెంటు బిల్లు గురించీ మాట్లాడుకుంటూ ఏడాది గడిపేశాం. వచ్చే ఏడాది కూడా ఇలాగే నోరు మూసుకుని నెట్టుకొద్దామనుకున్నాను.

ఇంతలో అచ్చులు సర్దుతుంటే అమ్మది చేతికొచ్చింది. నేను పని నేర్చుకునే రోజుల్లో, ఆవిడ పళ్ళు తీయించుకునే ముందు నేను తీసిన అచ్చు అది. ఏం బుద్ధి పుట్టిందో, నా పై దవడని అమ్మ కింది దవడ మీద పెట్టాను. ఇసుమంత కూడా కదల్లేదు. ఏ ఇద్దరి పళ్ళూ అలా కూర్చోవు. భయమేసి, అమ్మ దవడలు రెండూ కలిపి రబ్బరు బ్యాండు వేసి బీరువాలో పెట్టాను. పొద్దున చూస్తే బ్యాండు తెగిపోయి, పై దవడ వెనక్కి ఒరిగి, నోరు తెరుచుకుని ఉంది. మర్నాడు రెండు బ్యాండ్లు వేశాను. అవీ తెగాయి. బీరువా తాళం చెవి నా దగ్గరే ఉందక్కా.

నీ వసపిట్ట

---

వసపిట్టా,

ఉత్తరం చదివాను. ఇంత బాధ కడుపులో పెట్టుకుని ఫోన్లో ఎలా నవ్వావే.

నీకొకటి చెప్పాలి. మనిద్దరి మధ్యా నాకొక తమ్ముడు పుట్టి, పురిట్లోనే పోయాడు. నాకప్పుడు ఆరేళ్ళు. నాన్న గుమ్మంలో నిలబడి అమ్మతో అన్న మాట ఇంకా చెవుల్లోనే ఉంది. "ఈ మాట మళ్ళీ ఎత్తొద్దు." ఆ వారం నుంచే అమ్మ నిద్రలో పళ్ళు కొరకడం మొదలుపెట్టింది. పోయేదాకా ఆ మాట ఎత్తలేదు. నువ్వు ఎత్తు తల్లీ. మరిది ఏమైనా అనుకోనీ.

మీ అక్క

---

అక్కా,

నిన్న కాఫీ తాగుతూ చెప్పేశాను. "మన బిడ్డ గురించి మాట్లాడాలి" అన్నాను. నీ మరిది కప్పు కింద పెట్టి చాలాసేపు ఏడ్చారు. ఆయన అప్పుడే ఒక పేరు కూడా అనుకున్నారట.

ఇవాళ మళ్ళీ నా అచ్చు తీశాను. వారంలో పళ్ళేమీ మారవు. అయినా ఈసారి నా పై దవడ అమ్మ దవడ మీద కూర్చోలేదు, అటూ ఇటూ ఊగింది. కొత్త ఏడాదికి ఏ మాటా మింగకూడదని రాసుకున్నాను.

కానీ అమ్మ నోరు ఈ పొద్దున కూడా తెరుచుకునే ఉందక్కా. నీ తమ్ముడి సంగతి ఇన్నేళ్ళూ నువ్వూ ఎత్తలేదు కదా.

ఆదివారం ప్లాస్టర్, అమ్మ దవడ పట్టుకుని వస్తున్నాను. నీ పళ్ళు ఒకసారి చూడాలి.

నీ వసపిట్ట