రబ్బరుతో చెరిపిన గీత

లేవార్డెన్, మే 28

టెర్ హోర్స్ట్ గారికి నమస్కారం.

నిన్న వాదించే ఓపిక లేక మధ్యలోనే ఫోన్ పెట్టేశాను, క్షమించండి. అరవై ఒక్క పరీక్ష పత్రాలు దిద్దిన అలసట అది. రెండోసారి దిద్దే మీరూ, మొదట దిద్దిన నేనూ ఆ ఒక్క మార్కు మీద ఏకాభిప్రాయానికి రాకపోతే మా విద్యార్థిని యిల్డౌ ఈ ఏడు కూడా తప్పుతుంది.

ప్రశ్న y < 2x + 3. ఆ అమ్మాయి నిలువు అక్షం మీద మూడు దగ్గర మొదలుపెట్టి, ఒకటి కుడికీ రెండు పైకీ వెళ్లి గీత గీసింది. కింది వైపే షేడ్ చేసింది. అన్నీ సరే. గీత మీది బిందువులు లెక్కలోకి రావు కనుక ఆ గీత తెగుతూ తెగుతూ ఉండాలి. "నా కాపీలో నిండు గీతే ఉంది మేడమ్, నన్నేం చెయ్యమంటారు?" అన్నారు మీరు.

తప్పు నాదే కావచ్చు. ముందు పెన్సిలుతో నిండుగా గీసి, తర్వాత రబ్బరుతో మధ్యమధ్య చెరపమని నేర్పింది నేనే. "గోడంతా కట్టేసి అప్పుడు కిటికీలు కొడతామా టీచర్?" అని యిల్డౌ ఎగతాళి చేసింది కూడా. సరిగా చెరగని మరకలు జిరాక్సులో నల్లగా పడతాయి.

అసలు కాగితంలో నాకు ఖాళీలు కనిపిస్తున్నాయి. కానీ ఆ పిల్లను రెండేళ్లుగా చూస్తున్నదాన్ని. ఉండాలని కోరుకుంటున్నాను కనుకే కనిపిస్తున్నాయేమో. అందుకే అసలు పత్రమే పంపుతున్నాను. పగటి వెలుతురులో చూడండి. మీకు కనిపించకపోతే సున్నా వేయండి, సంతకం పెడతాను. ఎందుకు తప్పిందో ఆ అమ్మాయికి నేనే చెబుతాను.

మీ తోటి గణితం టీచరు