పాట కింద మాట

గురువారం, రాత్రి

స్టూడియోలో కొత్త స్టోరేజీ బాక్సు పెట్టాను. రెండు హార్డ్ డిస్కులు బిగించి, ప్రతి ఫైలూ రెండింట్లోనూ పడేలా చేశాను. పాత పెళ్లి వీడియోలు అందులోకి ఎక్కిస్తుంటే ఝరాసంగం నుంచి లక్ష్మమ్మ వచ్చింది. వాళ్ల అమ్మాయి అనిత పెళ్లి వీడియో తీసింది నేనే. ఆ పిల్ల పోయిన నెల జ్వరంతో దవాఖానలో చనిపోయింది.

"దీంట్ల ఉన్నదా సారూ, నా బిడ్డ?" అని బాక్సు చూపించి అడిగింది.

"ఉన్నది పెద్దమ్మా, ఫికర్ చెయ్యకు. ఒక డిస్కు ఖరాబైనా ఇంకోదాంట్ల ఉంటది."

అప్పగింతలు పెట్టమంది. తెర మీద అనిత తల్లిని పట్టుకుని ఏడుస్తూ ఏదో చెబుతోంది. వినబడేది మాత్రం నేను వేసిన సినిమా పాట.

"జర పాట తీసెయ్ సారూ. బిడ్డ మాట కింద ఉంటది గద."

కింద ఏమీ లేదు. పాటలు కలిపిన వీడియో ఇచ్చేశాక, కెమెరాలోని అసలు ఫైళ్లు చెరిపేస్తాం. జాగా చాలదని. ఇప్పుడు బాక్సు నిండా జాగాయే, ఏం చేసుకోను?

ఉన్నమాట చెప్పేశాను.

"అప్పుడేమన్నదో నాకు యాదికి లేదు సారూ. నేను గూడ ఏడుస్తుంటి గద. పాట బంద్ చేసి మల్ల పెట్టు, నోరు చూసి తెలుసుకుంట."

శబ్దం ఆపి పెట్టాను. లక్ష్మమ్మ కుర్చీ తెర దగ్గరకు జరుపుకుని, అనిత పెదవులు ఎట్లా కదిలితే తన పెదవులు అట్లా కదిపి చూసుకుంది.