పక్క మిషన్

ఆదివారం రాత్రి, తార్నాక.

యూనివర్సిటీలో పాత సినిమా వేస్తున్నారని మనవరాలు స్రవంతి లాక్కుపోయింది. తల్లి చనిపోయే సీన్‌లో వయొలిన్ మొదలవగానే పిల్లలంతా ముక్కులు చీదారు. నా చెయ్యి మాత్రం పక్కకు పోయి స్రవంతి భుజానికి తగిలింది. ఒకప్పుడు థియేటర్‌లో నేను ప్రొజెక్టర్ ఆపరేటర్‌ని. ఆ వయొలిన్ వినబడిందంటే రీలు అయిపోవచ్చినట్టే, తర్వాతి రీలు ఎక్కించి పెట్టిన పక్క మిషన్ నడపాలి.

"ఏంది తాతా, నీకు ఏడుపే రాదా? నానమ్మ పోయిన్నాడు గూడ ఏడ్వకపోతివి."

"నోరు ముయ్యి. సినిమా చూడనియ్యి."

ఇదే సినిమాకు మా ఆవిడ కింద హాల్లో కూర్చుని కొంగు తడుపుకునేది. నేను పైన క్యాబిన్‌లో రీలు చూసుకునేవాణ్ణి. ఇవాళైనా ఏడుపు వస్తుందనుకున్నా. రాలేదు. చెయ్యి మాత్రం లైట్లు వెలిగేదాకా పిల్ల భుజం మీద నుంచి తియ్యలేదు.