అల్ రాయ్ బోరు నీళ్లు

ఆగస్టు 2, 1990
తెల్లవారేసరికి రోడ్డు మీద ఇరాక్ ట్యాంకులు. అన్న ఓబులేసు మెకానిక్ షెడ్డు షట్టర్ దించేశాడు. నేను ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం కువైట్‌కు, ఈ అల్ రాయ్‌లో ఉన్న అన్న దగ్గరికి వచ్చి రెండు నెలలు కాలేదు. ఉప్పునీరు, నేల నిర్వహణ నా టాపిక్. ఇంకా మట్టి శాంపిళ్లు తీయాలి. సిగ్గులేకుండా నాకు ముందు ఆ దిగులే వచ్చింది.

ఆగస్టు 6
మంచినీళ్ల ట్యాంకరు రావడం లేదు. షెడ్డు వెనక కార్లు కడిగే బోరు ఉంది. ఆ నీళ్లు తాగొచ్చా అని చుట్టుపక్కల షెడ్లవాళ్లంతా నన్నే అడిగారు. ఉప్పు కొలిచే మీటరు ముంచాను. తాగే నీళ్లలో అంకె వెయ్యి దాటకూడదని పుస్తకం. ఇది రెండు వేల పైచిలుకు. వద్దన్నాను. పంపు మీద ఎర్ర పెయింటుతో ‘తాగరాదు’ అని రాశాను. మా చెల్లెలు నీళ్ల సదువు సదివిందప్పా, ఆయమ్మి సెప్పినాక ఇంగ మాటల్లేవు అని అన్న అందరికీ చెప్పుకున్నాడు. నాకూ గర్వంగానే ఉండింది.

ఆగస్టు 10, పొద్దున
డ్రమ్ములో నీళ్లు అడుగంటాయి. వదిన రెడ్డెమ్మకు ఏడో నెల. ఊరికి దూరంగా షుఐబాలో, సముద్రపు నీళ్లు శుద్ధి చేసే చోట నీళ్లు దొరుకుతున్నాయని విని అన్న పికప్‌లో డ్రమ్ములు ఎక్కించాడు. దారిలో చెక్‌పోస్టులున్నాయని వదిన చెయ్యి పట్టుకుంది. మనం ఇండియావోళ్లం, మనల్నేం జేస్తారు, పైటాలకంతా వచ్చేస్తా అన్నాడు. నేను డ్రమ్ముల మూతలు బిగించాను.

సాయంత్రం
రాలేదు.

ఆగస్టు 12
పక్క షెడ్డు మహమ్మద్ గౌస్ వెళ్లి కనుక్కొచ్చాడు. డ్రమ్ములు నింపుకొని వస్తుంటే సైనికులు బండి అడిగారట. ఇంట్లో నీళ్లు దించి ఇస్తానని అన్న బతిమాలాడట, తాళం ఇవ్వలేదట. లారీలో ఎక్కిచ్చుకోని పోయినారమ్మా, యాడికో ఎవురికీ తెల్దు అని గౌస్ తల వంచుకున్నాడు. వదిన గోడవైపు తిరిగి పడుకుంది.

ఆగస్టు 13
దాహానికి కళ్లు తిరిగి బోరు దగ్గర ముఖం కడుక్కున్నాను. నీళ్లు నోట్లోకి పోయాయి. మా ఊరి బావి నీళ్ల రుచే. రాయచోటి పక్కన అన్నా నేనూ ఆ ఉప్పునీళ్లే తాగి పెరిగాం. శాంపిల్ నోట్లో పెట్టుకోకూడదని మొదటి ల్యాబ్ క్లాసులో చెప్పారు. పెట్టుకోలేదు. ఒక్క గుక్క తాగి ఉంటే తెలిసిపోయేది. పుస్తకంలో అంకె ఏళ్ల తరబడి తాగే నీళ్లకు. మాకు కావలసింది నాలుగు రోజులకు. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, అదే నేను. అన్నను నేనే పంపాను.

ఆగస్టు 14
పెయింటు గీకేశాను. బిందె నింపి తెచ్చి వదినకు అంతా చెప్పాను. నువ్వేం జేస్తావులే మునీ, ఆయప్పకు నీ మాటంటే వేదం అంది. తిట్టి ఉంటే బాగుండేది. ఇద్దరం తాగాం. ఏమీ కాలేదు.

సెప్టెంబరు 4
ఇండియా విమానాలు జోర్డాన్‌లో అమ్మాన్ నుంచట, అక్కడికి పోయే బస్సులో గౌస్ మాకూ సీట్లు చూశాడు. ఆయప్ప వచ్చి తలుపుకు తాళం జూస్తే యాడికి పోతాడు అని వదిన కదల్లేదు. నేనూ ఉండిపోయాను.

సెప్టెంబరు 5
బస్సు వెళ్లిపోయింది. వదిన బోరు నీళ్లతో గంజి కాచి మూడు గ్లాసుల్లో పోసి, అన్న గ్లాసు మీద మూత పెట్టింది. ఉప్పు వేయలేదు. సరిపోయింది.