మెట్ల కింద పోస్టు డబ్బా

హెర్న్‌డన్, వర్జీనియా
19 ఆగస్టు 1984

ప్రియమైన వీరాంజనేయులూ,

రామమోహన్ నమస్కారాలు. ఇక్కడ నేను, వసుమతి, అమ్మాయి మీనా కులాసా. అక్కడ కాలిఫోర్నియాలో నువ్వు, చెల్లెమ్మ, పిల్లలు చల్లగా ఉండాలని నా కోరిక.

పదిహేడేళ్లుగా నీ ఒక్క ఉత్తరానికీ జవాబివ్వనివాడు, ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని రాస్తున్నాడు అనుకుంటావు. ఎందుకివ్వలేదో చెప్పి తీరాలనే కూర్చున్నాను. ఇప్పుడు చెప్పకపోతే ఈ జన్మలో చెప్పలేను. కానీ ముందు ఊరి కబుర్లు చెప్పనీరా.

పోయిన నెల ముగ్గురం జర్మనీకి, మనం చదువుకున్న హైడెల్‌బర్గ్ వెళ్లాం. కోట అలాగే ఉంది, నెకర్ నది అలాగే ఉంది. చలికి జడిసి నువ్వు స్నానం ఎగ్గొడుతూ చదువుకున్న మన మూడో అంతస్తు గదీ ఉంది. ఇంటావిడ పోయిందట, కోడలు లోపలికి రానిచ్చింది. నువ్వు చారు పోపు పెడితే ఇల్లంతా దగ్గేదని చెబితే మీనా పడీపడీ నవ్వింది. ఆ అంకుల్ మనింటికి ఎప్పుడూ రాలేదేం డాడీ అని అడిగింది. విననట్టు మెట్లు దిగిపోయాను. కింద మన పోస్టు డబ్బా ఇంకా ఉంది. పిల్ల సరదాకి దాని మూత తీయబోతే ముట్టుకోవద్దని కసిరాను. బిత్తరపోయింది. వసుమతి దాని చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్లిపోయింది.

సాయంత్రం పాత వంతెన మీదికి వెళ్లాం. ఇప్పుడక్కడ అద్దం పట్టుకున్న కంచు కోతి బొమ్మ పెట్టారు, మన రోజుల్లో లేదు. దాని వేళ్లు తాకినవాళ్లు మళ్లీ ఆ ఊరు వస్తారట. వసుమతి చెప్పులు విప్పి దండం పెట్టింది. మీ వీరాంజనేయులుగారు మీకంటే ముందే వచ్చి నిలబడ్డారండీ, ఇప్పుడైనా పలకరించండి అంది. నన్ను నవ్వించాలనే అంది పాపం. తల్లీకూతుళ్లు వేళ్లు తాకారు. నా చెయ్యి లేవలేదురా. జేబులో ఒక పాత కాగితం ఉంది, నదిలో పారేద్దామనే అంత దూరం మోసుకెళ్లాను. అదీ చేతకాలేదు. జనం చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకుండా పిట్టగోడ పట్టుకుని ఏడ్చాను.

చూశావా, చెప్పాల్సింది చెప్పకుండానే సంతకం దాకా వచ్చేశాను. చెల్లెమ్మకు నమస్కారాలు.

నీ
రామమోహన్

తా.క. కవరు అంటించి మళ్లీ చింపాను. మీ నాన్నగారు పోయారని గురువారం సాయంత్రం నేను నీ చేతికిచ్చిన టెలిగ్రాం రెండోది. మొదటిది సోమవారమే వచ్చింది. ఆ డబ్బాలోంచి తీసింది నేనే. గురువారం నీ ఆఖరి పరీక్ష, అది అయ్యాక ఇద్దామని దాచాను. నీ మంచికే అనుకున్నాను, ఒట్టు. అప్పటికి ఆయన బతికే ఉన్నారు.

నువ్వు ఇండియా నుంచి తిరిగొచ్చి, చివరి మూడు రోజులూ నాన్న గుమ్మం వైపే చూశాడటరా అని నా భుజం మీద పడి ఏడ్చావు. నేను తోడున్నాను కాబట్టే తట్టుకున్నానన్నావు. ఆ తర్వాత నీ మొహం చూడలేకపోయాను.

ఆ మొదటి టెలిగ్రాం ఇందులో పెడుతున్నాను. నాన్న నిన్ను అడుగుతున్నారు, వెంటనే బయలుదేరు అని ఉంది. పద్దెనిమిదేళ్లు ఆలస్యంగా అందజేస్తున్నాను.