పాత ఆయిల్లో బోల్టు

ఏవండీ,

కాగితం మీద నల్లమరకలు చూసి కంగారుపడకండి, అది ఇంజనాయిలే.

మీరొచ్చేదాకా బండి ముట్టుకోవద్దన్నారు. కానీ ఇంజను కటకటమంటుంటే ఎన్నాళ్లని ఊరుకోను? నేనే ఆయిల్ మార్చాను.

పాతది బేసిన్‌లోకి దించి, హుషారుగా కొత్తది పోస్తుంటే గుమ్మంలోంచి అత్తయ్య కేకేశారు: "పోసిందంతా కిందికి కారిపోతోందమ్మా, చూసుకో!" పాతది దించడానికి విప్పిన అడుగు బోల్టు బేసిన్‌లో పడిపోతే, దాన్ని తిరిగి బిగించడమే మరిచిపోయాను.

గబగబా డబ్బా పక్కన పెట్టాను. ఆవిడే కొంగు నడుముకి దోపి, ఆ నల్లటి ఆయిల్లో చెయ్యిపెట్టి, బోల్టు వెతికిచ్చారు.

దాన్ని బిగించి, మరో డబ్బా తెచ్చి పోశాను. స్టార్ట్ చేస్తే ఆ చప్పుడు లేదు. అప్పటికి నా ప్రాణం కుదుటపడింది.

వీధి చివరిదాకా నడిపి చూసొస్తానంటే, అత్తయ్య నేనూ వస్తానని వెనకెక్కారు. మీరెన్నిసార్లు ఎక్కమన్నా "నాకింకా బతకాలనుందిరా" అనే మనిషి!

మీ ఇంటావిడ