పాలిష్ బిళ్ల

బావా,

రోజూ ఒకే షెడ్డులో పనిచేస్తూ ఈ ఉత్తరమేమిటని నవ్వకు. మొహం మీద చెప్పలేక రాస్తున్నాను.

షెడ్డు గోడకు వడ్రంగికొకటి చొప్పున మేకులు కొట్టింది నేను. వడ్రంగులకీ, పాలిష్ పట్టే నీకూ, అద్దాలాయనకీ తలా ఒక చెక్క బిళ్ల చేసిందీ నేనే. పని తెచ్చిన వడ్రంగులు తమకు కావలసినవాళ్ల బిళ్లలు తీసి తమ మేకుకు తగిలించుకోవాలి, పని అవగానే వదిలెయ్యాలి, ఎవరూ ఎవరి సొత్తూ కాదు అని అందరికీ నచ్చజెప్పాను. "మరి నన్ను ఇంకెవరైనా ఎగరేసుకుపోతే?" అని అప్పుడే అడిగావు. "పోనీలే బావా" అన్నాను.

ఇప్పుడు నేను వచ్చేసరికే నీ బిళ్ల ఆ గళ్లచొక్కా వడ్రంగి మేకుకు వేలాడుతుంటుంది. వరసగా మూడు పనులు. మొన్న డాక్టరుగారింట్లో అతను చేసిన బీరువా చూసొచ్చాను. కిర్రుమంటుందేమోనని తలుపు నాలుగుసార్లు తీసి వేశాను. అనలేదు. దాని మీద నీ పాలిష్ చూశాక కడుపు మండిపోయింది. పన్నెండేళ్లలో నా చెక్కకు ఒక్కసారైనా అంత మెరుపు తెచ్చావా?

సోమవారం నుంచి నీ బిళ్ల కనపడక అందరూ వెతుకుతున్నారు కదా. వాళ్లతోపాటు నేనూ బల్లల కిందికి దూరి వెతికాను. అది నా జేబులోనే ఉంది.

ఈ కవరులో పెట్టాను. ఈసారి ఎవరి మేకుకు తగిలిస్తావో నీ ఇష్టం. నాది ఎడమవైపు మొదటిది. మర్చిపోయావేమోనని రాశాను.

నీ బావమరిది